పూర్వ ప్రాథమిక తరగతుల పిల్లలను రైతుబజారు చూపించడానికి తీసుకువెళ్ళడం ఎలా?

మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలను బడి బయటికి తీసుకువెళ్ళాలనగానే చాలామందికి మొదట జంతుప్రదర్శనశాలే గుర్తుకు వస్తుంది. హైదరాబాదులోని నెహ్రూ జూ పార్కు దాదాపు 380 ఎకరాల్లో ఉంది. ఏనుగుల దగ్గరికి చేరేసరికే నాలుగేళ్ళ పిల్లలు ఎత్తుకోమని చేతులు చాస్తారు. ఈ వయసు పిల్లలకు చూసినదాన్ని తాకాలి, వాసన చూడాలి, అడిగిందే మళ్ళీ అడగాలి. అందుకు వీలిచ్చే చోటు బడికి అరగంట ప్రయాణంలోపు ఉండాలి, అక్కడ గడిపే సమయం గంటకు మించకూడదు. ఈ లెక్కన నాకు అన్నిటికన్నా అనువుగా కనిపించేది రైతుబజారు. దళారులతో పని లేకుండా రైతులే నేరుగా అమ్ముకోవాలని 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బజార్లు మొదలయ్యాయి కాబట్టి, కూరగాయను పండించిన మనిషిని అక్కడే పలకరించే అవకాశం పిల్లలకు దొరుకుతుంది.

ముందుగా మీరు ఒక్కరే వెళ్ళి చూడండి

వారం రోజుల ముందు, పిల్లలను తీసుకువెళ్ళాలనుకున్న వేళకే మీరు బజారుకు వెళ్ళి రండి. ఆదివారాన్ని పూర్తిగా వదిలిపెట్టి, మామూలు రోజుల్లో పొద్దుటి రద్దీ ఎన్ని గంటలకు తగ్గుతుందో గమనించండి. బస్సు ఎక్కడ ఆగుతుంది, దిగిన తరువాత రోడ్డు దాటాలా, నేల ఎక్కడ తడిగా జారుతుంది, నీడ ఎక్కడ ఉంది, మరుగుదొడ్డి వాడుకునేలా ఉందా అన్నవి స్వయంగా చూసుకోవాలి. మొదటిసారి నేను ఈ చివరి విషయాన్ని పట్టించుకోలేదు. ఒక పాప ఆపుకోలేక బట్టలు తడుపుకుంది. మార్చడానికి తెచ్చిన గౌన్లున్న సంచీ బడిలోనే ఉండిపోయింది. అందరి మధ్యా ఆ పాప గోడవైపు తిరిగి నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి బట్టల సంచీ బస్సులోకి చేరిన తరువాతనే పిల్లలను ఎక్కిస్తున్నాను.

బజారు వ్యవహారాలు చూసే ఎస్టేట్ ఆఫీసరును కలిసి, ఎంతమంది పిల్లలు ఏ రోజు వస్తారో చెప్పి అనుమతి తీసుకోండి. పిల్లలతో ఓపికగా మాట్లాడగల ఇద్దరు ముగ్గురు రైతులతో కూడా ముందే మాట్లాడి, వారి బేరం పోకుండా ఏ వేళకు రమ్మంటారో అడగండి. పిల్లలు తాకే కూరగాయలకు డబ్బు చెల్లిస్తామని అప్పుడే చెప్పడం మర్యాద.

తల్లిదండ్రులకు చీటీ, పెద్దలకు బాధ్యత

అనుమతి చీటీ తెలుగులో, సూటిగా ఉండాలి. బయలుదేరే సమయం, తిరిగివచ్చే సమయం, వాహనం, వెంట వచ్చే పెద్దల పేర్లు రాసి, బిడ్డకు పడని తిండి ఏదైనా ఉందా, ప్రయాణంలో వాంతులవుతాయా, మందులేమైనా వాడుతున్నారా అన్న మూడు ప్రశ్నలూ అడగండి. సంతకం లేని చీటీతో ఏ బిడ్డనూ బస్సు ఎక్కించవద్దు.

నలుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని నా అభిప్రాయం. మూడేళ్ళవారైతే ముగ్గురికి ఒకరు. ఉపాధ్యాయులు చాలకపోతే అమ్మమ్మలను, తాతయ్యలను పిలవండి, ఆకుకూరల పేర్లు మనకన్నా వారికే బాగా తెలుసు. ప్రతి పెద్దవారి చేతిలో తమ నలుగురి పేర్లున్న కాగితం ఉండాలి. పిల్లల మెడలో వేసే కార్డు మీద బడి ఫోను నంబరు చాలు. పేరు పైకి కనిపిస్తే కొత్తవారు ఎవరైనా ఆ పేరుతో పిలిచి దగ్గరికి తీసుకోగలరు.

వెళ్ళే ముందు తరగతిలో

మూడు రోజుల ముందునుంచే బీరకాయ, సొరకాయ, వంకాయ, బెండకాయ తెచ్చి తరగతిలో పెట్టండి. ఏది గరుకు, ఏది నున్న అని అడగండి. బజారులో రైతును అడగడానికి ఒక్కొక్క బిడ్డా ఒక్కొక్క ప్రశ్న అనుకునేలా చేయండి: "తాతా, ఇది చెట్టుకు కాస్తుందా, తీగకు కాస్తుందా?" అన్నంత చిన్న ప్రశ్న చాలు.

బజారులో

బస్సు ఎక్కినప్పుడు, దిగినప్పుడు, బజారు గుమ్మం దాటినప్పుడు, ఒక అంగడి నుంచి ఇంకొక అంగడికి కదిలినప్పుడు తలలు లెక్కపెట్టండి. ఒకరు లెక్కపెట్టాక మరొకరు మళ్ళీ లెక్కపెట్టాలి. అంగళ్ళన్నీ చూపించాలన్న ఆశ మానుకుని, మూడింటి దగ్గరే నిలబడండి.

మొన్నటి చలికాలంలో ఒక బాబు వంకాయ ముచ్చిక మీది ముల్లు గుచ్చుకోగానే చేయి వెనక్కి లాక్కున్నాడు. అమ్ముతున్న పెద్దాయన నవ్వి, కాయను తొడిమ దగ్గర కాకుండా పొట్ట దగ్గర ఎలా పట్టుకోవాలో చూపించారు. ఆ బాబు అయిదు కాయలను అలాగే పట్టుకుని, ఒక్కొక్కటిగా తక్కెడలో పెట్టాడు. తక్కిన పిల్లలంతా ఊపిరి బిగబట్టి ఆ పళ్ళెం కిందికి దిగడమే చూశారు. ఇటువంటి చోట తొందరపెట్టకండి, అనుకున్న తరువాతి అంగడి తప్పిపోయినా ఫరవాలేదు.

ప్రతి బిడ్డ చేతికీ పది రూపాయలిచ్చి, ఒక కొత్తిమీర కట్టో రెండు నిమ్మకాయలో తమంతట తామే కొనుక్కోనివ్వండి. మంచినీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉండాలి. 108 నంబరు పెద్దలందరికీ గుర్తుండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన కాలం, మార్చి దాటితే ఎండ పిల్లలకు మంచిది కాదు.

తిరిగివచ్చాక

సబ్బుతో చేతులు కడిగించి, తినిపించి, పడుకోబెట్టండి; ఆ రోజు పాఠం అడగవద్దు. మరునాడు కొన్న కూరలను పిల్లల చేతనే కడిగించి, బెండకాయ ముక్కలకు రంగు అద్ది కాగితం మీద నక్షత్రాల్లా అచ్చులు వేయించండి. గుప్పెడు మెంతులు నానబెట్టి మట్టిలో చల్లితే వారం తిరిగేలోగా మొలకలు పైకి వస్తాయి. పిల్లలు వేసిన బొమ్మల్లో కొన్నిటిని తీసుకువెళ్ళి ఆ రైతులకు ఇచ్చి రండి, మరుసటి ఏడాది మీరు వెళ్ళేసరికి వారే మీ పిల్లల కోసం చోటు చేసి ఉంచుతారు.