ఫోన్‌లో కనిపించే డాక్టర్‌తో బరువు తగ్గే చికిత్స ఎలా మొదలుపెట్టాలి?

వీడియో కాల్‌లో డాక్టర్ మీ మాట వింటారు, ముఖం చూస్తారు. కానీ పొట్ట తడిమి చూడలేరు, బీపీ తీయలేరు. బీపీ, బరువు, నడుము కొలతలు మీరే తీసి చెప్పాలి. మీరు చెప్పిన అంకె తప్పితే ఆయన లెక్కా తప్పుతుంది. అందుకే అపాయింట్‌మెంట్ కంటే ముందు కొలతలు.

1. వారం రోజులు బరువు రాసుకోండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, ఒకే మెషిన్ మీద. మెషిన్ గట్టి నేల మీద ఉండాలి, పరుపు మీదో చాప మీదో కాదు. రోజుకీ రోజుకీ కిలో అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు, చాలావరకు అది ఒంట్లో నీరే. నడుము కొలిచేటప్పుడు టేపు చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఊపిరి మామూలుగా వదిలి చూడండి. పొట్ట లోపలికి లాక్కోకండి, ఇది ఫొటో కాదు. బీపీ మాత్రం ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే చూడాలి.

2. వాడుతున్న మందులన్నీ బల్ల మీద పెట్టి పేర్లు రాయండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి. అసలు కారణం అక్కడే దొరకొచ్చు. ఆయుర్వేద పొడులు, కషాయాలు కూడా దాచొద్దు.

3. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ సరిచూడండి. ఫారం నింపగానే, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా బరువు తగ్గించే ఇంజెక్షన్ రాసిచ్చే చోటు నుంచి వెంటనే బయటికి వచ్చేయండి. నా లెక్కలో అది చికిత్స కాదు, అమ్మకం.

4. కాల్‌లో అడక్కపోయినా చెప్పాల్సినవి ఉన్నాయి: ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్‌లో అరుదుగా వచ్చే ఒక రకం క్యాన్సర్) వచ్చిందా, మీకు గతంలో పాంక్రియాస్ (క్లోమం) వాపు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా. షుగర్, థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలు రాస్తే చేయించుకోండి.

5. మందు అందరికీ అవసరం రాదు. ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ లాంటిది రాస్తే, బరువు కోసం మామూలుగా వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకోసారి పెంచుకుంటూ పోతారు. ఈ నిదానం కావాలనే. తొందరపడి మీరే డోసు పెంచితే వికారం, వాంతులు పట్టుకుంటాయి. తిండి కొంచెం కొంచెంగా తిని, కడుపు నిండిందనిపించగానే ఆపేయండి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ మందు మొదలుపెడితే ఇన్సులిన్ డోసు తగ్గించాలేమో ముందే అడగాలి, లేకపోతే షుగర్ బాగా పడిపోవచ్చు. కడుపులో భరించలేని నొప్పి వచ్చి వీపులోకి పాకితే చాట్‌లో మెసేజ్ పెట్టి కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

6. బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది. ప్రొటీన్ ఎంత తినాలో, ఏ బరువులు ఎత్తాలో డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

7. మొదటి కాల్‌లోనే ఇంకో మాట అడగండి: "ఈ మందు ఆపితే ఏమవుతుంది?" సెమాగ్లూటైడ్ మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. ఈ ప్రశ్నకు జవాబు దాటేసే డాక్టర్‌తో రెండో అపాయింట్‌మెంట్ తీసుకోకండి.