దంతవైద్య విద్యార్థి ఆన్‌లైన్ పాఠాలను, కళాశాల సాధనను ఎలా జతపరచుకోవాలి?

2020 మార్చిలో లాక్‌డౌన్ కారణంగా తెరపైకి వచ్చిన దంతవైద్య పాఠాలు, కళాశాలలు తిరిగి తెరచిన తరువాత కూడా విద్యార్థుల ఫోన్లలో నిలిచిపోయాయి. తిరుపతిలో గది అద్దెకు తీసుకొని బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) చదివే పిల్లలు వీడియో చూస్తే సరిపోదా, తప్పనిసరిగా తరగతికి వెళ్లాలా అని తరచుగా అడుగుతుంటారు. నాలుగేళ్ల చదువులోనూ, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్‌లోనూ రెండూ అవసరమే కాని, దేనిని ఎక్కడ వాడుకోవాలో ముందుగా తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: సిలబస్‌ను విడగొట్టండి

ప్రతి అధ్యాయం పక్కన “ఇది నేర్చుకోవడంలో వేళ్లకు పని ఉందా?” అన్న ప్రశ్న వేసుకోండి. మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, ఓరల్ పాథాలజీ స్లయిడ్లు, ఎక్స్‌రే చదవడం వంటివి తెరపై చక్కగా సాగుతాయి. అచ్చు తీయడం, పిప్పి పన్నును శుభ్రపరచి నింపడం, మత్తు సూది వేయడం, పన్ను తీయడం గురువు ఎదుటే నేర్చుకోవాలి. దంత నిర్మాణ శాస్త్రం మాత్రం రెండింటికీ చెందుతుంది. పై దవడలోని మొదటి పెద్ద దంతానికి సాధారణంగా మూడు వేర్లు, కింది దానికి రెండు ఉంటాయని తెరపై తిప్పి చూడవచ్చు. అదే దంతాన్ని మైనపు దిమ్మెలో చెక్కినప్పుడే దాని వంపులు చేతికి పట్టుబడతాయి.

రెండవ మెట్టు: వీడియోను ముందురోజే చూడండి

ప్రాక్టికల్ అయిపోయాక చూసే వీడియో కంటే ముందురోజు చూసిన వీడియో ఎక్కువ మేలు చేస్తుంది. పంటిని చెక్కే ఎయిరోటర్ పట్టుకున్న వైద్యుడి ఉంగరపు వేలు ఏ పంటిపై ఆని ఉందో ఆపి చూడండి. నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరిగే ఆ పరికరం నోటిలో జారకుండా కాపాడేది ఆ ఆనికే.

మూడవ మెట్టు: తెర చూపలేనిదాన్ని చేతితో పట్టుకోండి

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక మే నెల మధ్యాహ్నం వీడియోలో చూసినట్లే కొలత తప్పకుండా, పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడిని నీటితో కలిపాను, కాని ట్రేను రోగి నోటిలో పెట్టేలోపే అది రబ్బరు గిన్నెలోనే గట్టిపడిపోయింది. మేడపై ట్యాంకులో ఎండకు కాగిన తిరుపతి నీళ్లు కొళాయిలోంచి వచ్చాయని, నీటి వేడి పెరిగేకొద్దీ ఆల్జినేట్ త్వరగా గట్టిపడుతుందని వెనుక నిలబడిన మేడమ్ చెప్పి, చల్లటి నీటితో మళ్లీ కలిపించారు. అందుకే గురువు పక్కన ఉన్నప్పుడే తప్పులు చేసి సరిదిద్దుకోండి. పుచ్చిన డెంటిన్‌ను (ఎనామిల్ కింది పంటి పొరను) చెంచాలాంటి కొన ఉన్న స్పూన్ ఎక్స్‌కవేటర్‌తో గీకినప్పుడు అది తోలులా మెత్తగా లేచి వచ్చి, ఆరోగ్యకరమైన భాగం తగలగానే గీరుడు గట్టిగా వినిపిస్తుంది. ఆ తేడా ఏ వీడియో ద్వారా అయినా వేలికి అందుతుందని నేను అనుకోను.

నాలుగవ మెట్టు: రోగి మాటను వినడం అలవరచుకోండి

“చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది, వెంటనే తగ్గిపోతుంది” అనే రోగికీ, “రాత్రంతా పోటు, నిద్రే లేదు” అనే రోగికీ చికిత్స ఒకటే కాకపోవచ్చు. రెండవ మాట పంటి నరం బాగా దెబ్బతిన్నదని అనుమానించదగినది. నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చేవారిలో “పల్ వలి” (పంటి నొప్పి) అని తమిళంలో చెప్పేవారూ ఉంటారు కాబట్టి, ఓపీలో సీనియర్ పక్కన కూర్చుని ఆ మాటలను నోటు పుస్తకంలో రాసుకోండి.

ఐదవ మెట్టు: సాయంత్రం మళ్లీ తెర ముందుకు రండి

ఆ రోజు చెక్కిన మైనపు దంతాన్ని ఫోటో తీసి వీడియోలోని దానితో పోల్చి, తేడాలను గుర్తించి, మరుసటి రోజు గురువుకు చూపండి. రోగి నోటి ఫోటో తీయాలంటే మాత్రం ముందుగా ఆయన అనుమతి, విభాగం అనుమతి తీసుకోండి. ముఖం కనిపించే చిత్రాలను స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.