ఘన ఎలక్ట్రోలైట్లు నేర్చుకుందాం – 4వ పాఠం: పొర వాహకత లెక్క

బ్యాటరీలో ద్రవానికి బదులు అయాన్లను మోసే ఘన పదార్థమే ఘన ఎలక్ట్రోలైట్. పోయిన పాఠంలో పీఈఓ (పాలీఇథిలీన్ ఆక్సైడ్) పాలిమర్‌లో లిథియం లవణం, గార్నెట్ అనే లిథియం అయాన్లను మోసే సిరామిక్ పొడి కలిపి పల్చటి పొర పోశాం. అందులో లిథియం అయాన్లు ఎంత తేలిగ్గా నడుస్తున్నాయో, అంటే పొర వాహకత ఎంతో ఇప్పుడు లెక్క కడదాం.

పాలిమర్, గార్నెట్ రెండూ ఎందుకు కలిపామో ముందు గుర్తు చేసుకోండి. గార్నెట్‌ను మన కడప బండ అనుకోండి. గట్టిదే, కానీ కింద మాలు సరిగ్గా పరవకపోతే బోలు మిగులుతుంది, తట్టగానే తెలిసిపోతుంది. బ్యాటరీలో ఎలక్ట్రోడ్‌గా ఉండే లిథియం లోహానికీ సిరామిక్‌కీ మధ్య మిగిలే అలాంటి బోలును పూడ్చే మాలు పాలిమర్. అయితే గార్నెట్ వాహకత సెంటీమీటరుకు 10⁻⁴ నుంచి 10⁻³ సిమెన్స్ దాకా ఉంటే, మామూలు గది వేడిలో పీఈఓది 10⁻⁶ దరిదాపుల్లోనే. కలిపితే సగటు వస్తుందని అనుకోవద్దు. పొడి కొంతవరకు మేలే, పాలిమర్ గొలుసులు స్ఫటికాలుగా బిగుసుకోకుండా అడ్డుపడుతుంది. మరీ ఎక్కువైతే ఉండలు కడుతుంది. అందుకే కొలిచి చూడాల్సిందే.

పొరను రెండు స్టీలు బిళ్లల మధ్య బిగించి ఇంపీడెన్స్ (వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర ఆల్టర్నేటింగ్ కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి) రీడింగు తీయండి. గ్రాఫ్‌లో ముందు ఒక అర్ధవృత్తం, తర్వాత ఏటవాలుగా పైకి లేచే గీత కనిపిస్తాయి. అవి కలిసే చోట అడ్డ అక్షం మీద ఉన్న విలువే పొర నిరోధం.

వాహకత = మందం ÷ (నిరోధం × వైశాల్యం)

పొర మందం 100 మైక్రాన్లు, అంటే 0.01 సెంటీమీటరు. బిళ్ల వ్యాసం 16 మిల్లీమీటర్లు, కాబట్టి వైశాల్యం 2.01 చదరపు సెంటీమీటర్లు. నిరోధం 50 ఓమ్‌లు అనుకుందాం.

0.01 ÷ (50 × 2.01) = సెంటీమీటరుకు సుమారు 10⁻⁴ సిమెన్స్

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. మైక్రాన్లను సెంటీమీటర్లలోకి మార్చడం మరిచిపోతాం. బిళ్ల వైశాల్యం బదులు పొర వైశాల్యం వేస్తాం.

ఇంకో తప్పు నేనే చేశాను. మే నెల మధ్యాహ్నం కడపలో, కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో రీడింగు తీసి, కొత్త మిశ్రమం అద్భుతంగా ఉందని సంబరపడ్డాను. డిసెంబరులో అదే పొరను కొలిస్తే దాదాపు పదో వంతే వచ్చింది. పొర చెడిపోయిందేమోనని రెండు వారాలు ఒకటే టెన్షన్. పొరకేమీ కాలేదు. పీఈఓలో అయాన్లను మోసేది గొలుసుల కదలిక. చల్లబడితే అవి బిగుసుకుంటాయి, 60–65 డిగ్రీల దగ్గర స్ఫటికాలు కరిగి వదులవుతాయి. మే నెలలో నేను డిగ్రీలు రాసుకోలేదు, అదీ అసలు పొరపాటు. మన సీమ ఎండల్లో 'గది ఉష్ణోగ్రత' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ప్రతి రీడింగు పక్కన డిగ్రీలు వేయండి.

ఇంటి పని: అదే పొరకు 28 డిగ్రీల దగ్గర నిరోధం 2,500 ఓమ్‌లు వచ్చిందనుకుని వాహకత కట్టండి. 2 × 10⁻⁶ దగ్గర రాకపోతే ముందు మందం చూసుకోండి. వచ్చే పాఠంలో 30 నుంచి 70 డిగ్రీల దాకా రీడింగులను ఒకే గ్రాఫ్ మీద పెడదాం.