సీసాలో మబ్బు ఎలా చేయాలి? పొగ మాత్రం ఎక్కువ పట్టబాకండి

నెల్లూరు, ఒంగోలు వైపు సైన్స్ ఫెయిర్ అంటే చాలు, బాటిల్ నిండా అగరుబత్తి పొగ పట్టేసి మబ్బొచ్చింది చూడండి అంటా ఉంటారు. అది మబ్బు కాదు, ఉత్త పొగ.

లేబుల్ పీకేసిన కూల్‌డ్రింక్ బాటిల్, గోరువెచ్చటి నీళ్ళు, అగరుబత్తి, ఫోన్ టార్చి, వెనకాల కట్టను నల్లగుడ్డ. అంతే. అగ్గిపుల్ల వద్దు, పొగ ఒక్కసారే వచ్చి పడుతుంది, అగరుబత్తే వాడాలి.

రెండు స్పూన్ల నీళ్ళు పోసి, మూత బిగించి, ఊపి ఒక నిమిషం ఆగండి. ముందు పొగ లేకుండానే బాటిల్ గట్టిగా నొక్కి టక్కున వదలండి. ఏమీ రాదు, వచ్చినా చాలా పల్చగా వస్తుంది, ఎందుకంటే మామూలు గాలిలో కూడా కొంచెం దుమ్ము ఉంటది. ఈ స్టెప్ ఎగ్గొడితే మిగతాదంతా దండగ.

ఇప్పుడు అసలు పని, పొగ. మూత తీసి బాటిల్ కొంచెం నొక్కి, అగరుబత్తి కొస మూతి దగ్గర పెట్టి వదలండి, ఆ పీల్చుకున్నంతే చాలు, వెంటనే మూత బిగించేయండి. పక్క నుంచి టార్చి వేస్తే పల్చటి నీలం కనపడాలి. అప్పటికే తెల్లగా ఉందా, ఎక్కువైనట్టు, గాలంతా పోగొట్టి మళ్ళీ మొదలెట్టండి. దుమ్ము లేకుండా పొగమంచు పట్టదని జాన్ ఐట్కెన్ అనే శాస్త్రవేత్త 1880లోనే స్కాట్లాండ్‌లో చూపించాడు, ఆవిరికి పట్టుకోను రేణువు కావాలి, నిజమే, కానీ రేణువులు మరీ ఎక్కువైతే ఉన్న కాస్త నీళ్ళూ అన్నిటికీ పంచుకుపోయి ఏ చుక్కా పెరగదు.

ఇప్పుడు ముందులాగే గట్టిగా నొక్కి టక్కున వదలండి. నొక్కితే మబ్బొస్తుందని చెప్పేవాళ్ళని నమ్మబాకండి. నొక్కితే గాలి వేడెక్కుతుంది, వదిలినప్పుడే వ్యాకోచించి చల్లబడుతుంది, మబ్బు అప్పుడొస్తుంది. మళ్ళీ నొక్కితే మాయమైపోవాలి. పోకుండా అట్నే ఉంటే మీరు చూసేది పొగే.

టార్చి మీ వెనక నుంచి వేయబాకండి, పక్క నుంచే. పొగ రేణువులు మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే చిన్నవి, నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. నీటి చుక్కలు పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెలుపు.

మైపాడు బీచ్‌లో పొద్దున్నే దూరం మసగ్గా ఉంటది చూడండి, దానికి గాలిలో తేమ 100 శాతం దాటక్కర్లేదు. సముద్రపు ఉప్పు రేణువు సుమారు 75 శాతం తేమకే కరిగి చుక్కయిపోతుంది, మళ్ళీ ఎండాలంటే మాత్రం 45 దగ్గరికి దిగాలి. హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) ఉంటే ఉప్పు బురదలా తడిపి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ఒకే డబ్బాలో మూత పెట్టి ఒక పూట ఉంచండి, 75 అటూ ఇటుగా ఆగుతుంది.