పవర్ స్టీరింగ్ మోటార్ ఇంటి దగ్గరే మార్చాలనుకుంటే

మీటర్‌లో స్టీరింగ్ గుర్తు వెలిగి, పార్కింగ్‌లో కారు తిప్పడానికి రెండు చేతుల బలమూ చాలకపోతే చాలామందికి నేరుగా స్టీరింగ్ తిప్పడానికి సాయం చేసే మోటార్ మీదే అనుమానం పోతుంది. వీడియోల్లో చూస్తే పని కూడా తేలికగానే కనిపిస్తుంది. నాలుగు బోల్టులు, రెండు కనెక్టర్లు, అంతే. నిజమే, మోటార్ విప్పడంలో పెద్ద విద్యేమీ లేదు. ప్రమాదమంతా దాని దగ్గరికి వెళ్లే దారిలో ఉంది. ఎయిర్‌బ్యాగు, స్టీరింగ్ చక్రం, ఆ చక్రాన్ని కింది గేరుతో కలిపి పట్టి ఉంచే చిన్న బోల్టు. వీటిని కదపకుండా మోటార్ చేతికి రావడం అరుదు.

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి మోటార్ స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే గొట్టం లాంటి భాగం) మీదే, డ్యాష్‌బోర్డు కింద, డ్రైవర్ మోకాళ్లకు కాస్త పైన ఉంటుంది. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారుతో మొదలైన పద్ధతి ఇది. ఇక్కడ చెప్పేదంతా ఆ రకం కార్ల గురించే. మోటార్ కింద ర్యాక్ (ముందు టైర్లను తిప్పే పళ్ల కడ్డీ) మీద ఉండే కార్లు, హైబ్రిడ్లు, ఎలక్ట్రిక్ కార్లు అయితే మాత్రం ఇంటి దగ్గర మొదలుపెట్టవద్దు. వారంటీ ఇంకా మిగిలి ఉన్నా అంతే. ముందు షోరూమ్‌కు తీసుకెళ్లి అడగండి, ఒక్క స్క్రూ విప్పినా తర్వాత వాదన మీకే కష్టం.

విప్పే ముందు మోటార్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. పార్కింగ్‌లో చక్రం తిప్పేటప్పుడు ఆ మోటార్ పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే మొదట దెబ్బతినేది అదే. ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. టెర్మినళ్ల మీద తెల్లటి బూజు, వదులైన ఎర్తింగ్ వైరు, ఎగిరిన ఫ్యూజు, గాలి తగ్గిన ముందు టైర్లు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. ఇరుకు బేస్‌మెంట్‌లో చక్రాన్ని అటు చివరికీ ఇటు చివరికీ పదేపదే తిప్పితే మోటార్ వేడెక్కి సాయం తగ్గించుకుంటుంది. అది రోగం కాదు, ఆత్మరక్షణ. చల్లారాక మామూలవుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. ముందు టైర్లు రెండూ నేల నుంచి లేచేలా కారును స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు), ఇంజిన్ ఆపి, తాళంతో స్టీరింగ్ లాక్ తీసి స్టీరింగ్ చక్రం తిప్పి చూడండి. అప్పుడూ ఎక్కడో పట్టేస్తుంటే లోపం మోటార్‌లో కాక కీళ్లలోనో ర్యాక్‌లోనో ఉండవచ్చు. చివరగా మెకానిక్ దగ్గర స్కానర్ పెట్టించి, కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపం కోడ్ చదివించండి. కోడ్ టార్క్ సెన్సర్‌ను (మీరు చక్రాన్ని ఎంత బలంగా తిప్పుతున్నారో కొలిచేది) చూపిస్తుంటే కొత్త మోటార్ కొన్నా డబ్బు దండగే.

తిప్పినప్పుడల్లా టకటకమని చిన్న చప్పుడు వస్తూ, సాయం మాత్రం బాగానే అందుతుంటే, కొన్ని కార్లలో మోటార్‌కూ గేరుకూ మధ్య ఉండే రబ్బరు కప్లింగ్ అరిగి ఉంటుంది. మోటార్‌తో పోలిస్తే దాని ఖరీదు ఏ మూలకు? కానీ అది విడిగా దొరుకుతుందని చాలా చోట్ల చెప్పరు. "సార్, కాలమ్ మొత్తం మార్చాలి" అంటారు. ఆ మాట విన్నాక ఇంకో చోట కూడా అడగండి.

సామాను కోసం బెంగళూరులో అయితే జేసీ రోడ్డు, సెకండ్ హ్యాండ్ అయితే శివాజీనగర్ గుజరీ (పాత సామాన్ల బజారు). పాత మోటార్ మీది లేబుల్ ఫొటో తీసుకుని వెళ్లండి, పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి. ఒకే కారులో పెట్రోల్‌కూ డీజిల్‌కూ ముందు బరువు వేరు కాబట్టి స్టీరింగ్ కంట్రోలర్ సెట్టింగులూ వేరుగా ఉండవచ్చు, "అదే మోడల్ సార్" అన్నంత మాత్రాన సరిపోదు. గుజరీ సరుకులో కనెక్టర్ తెరిచి లోపలి పిన్నులు చూడండి. ఆకుపచ్చ చిలుమో, ఎండిన బురద పొరో కనిపిస్తే అది నీళ్లలో నానిన కారుది. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు బేస్‌మెంట్లు ఎలా నిండాయో ఇక్కడ ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాలమ్ మొత్తంగా కొంటుంటే ఇంకో సంగతి. ఢీకొన్నప్పుడు డ్రైవర్ ఛాతీకి గుచ్చుకోకుండా కాలమ్ లోపలికి కుంచించుకుపోయేలా తయారుచేస్తారు. ప్రమాదం జరిగిన కారు నుంచి తీసిందైతే అది ఇప్పటికే కుంచించుకుని ఉండవచ్చు. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

సంక్రాంతికి ఊరికి బయల్దేరే వారంలో ఈ పని పెట్టుకోకండి. కొత్తగా విప్పి బిగించిన స్టీరింగ్‌తో కుటుంబాన్ని ఎక్కించుకుని పలమనేరు మీదుగా తిరుపతికో, చిక్కబళ్లాపుర దాటి అనంతపురానికో వెళ్లడం అనవసరమైన టెన్షన్. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేయాలంటే అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. కారు సగం విప్పాక సెక్యూరిటీ వచ్చి తీసేయమంటే ఎక్కడికి నెడతారు? ఆరుబయట అయితే ఆకాశం చూసుకోండి. బ్యాటరీ తీశాక పవర్ విండోలు పైకి లేవవు, మన ఊరి సాయంత్రం వాన ఎవరికోసమూ ఆగదు. తాళం మాత్రం జేబులోనే ఉండాలి.

ఇక ఎయిర్‌బ్యాగు. 2019 జులై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి కాబట్టి ఆ తర్వాత తయారైన ఏ కారులోనైనా అది మీ ముఖానికి ఎదురుగా ఉన్నట్టే. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ వైరు తీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. తీసిన వెంటనే చెయ్యి పెట్టకూడదు, ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో కొంత కరెంటు నిల్వ ఉంటుంది. కంపెనీలు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమంటాయి. పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు, ఈలోగా టీ తాగి రావచ్చు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి మల్టీమీటర్ ముళ్లు ఎప్పుడూ ఆనించకండి, ఆ మీటర్ పంపే కొద్దిపాటి కరెంటుకే అది పేలే అవకాశం ఉంది. చక్రం విప్పకుండానే కాలమ్ కిందికి దించే వీలుంటే ఎయిర్‌బ్యాగు జోలికే పోవద్దు. తీయక తప్పకపోతే కవర్ వైపు మీ ఒంటికి దూరంగా ఉండేలా పట్టుకోండి, కింద పెట్టేటప్పుడు కవర్ పైకి ఉండాలి. బోర్లా పెడితే పేలినప్పుడు మొత్తం గాల్లోకి లేస్తుంది. పెద్ద కార్లలో కొన్నిటికి మోకాళ్ల దగ్గర కూడా ఒకటి ఉంటుందని మర్చిపోకండి.

చక్రాన్ని నిటారుగా, ముందు టైర్లు సూటిగా పెట్టి సీటు బెల్టును చక్రం చువ్వల మధ్య నుంచి తీసి బకిల్‌లో పెట్టేయండి. కింది షాఫ్ట్ విడిపోయాక చక్రం ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపల గడియారం స్ప్రింగులా చుట్టి ఉన్న పల్చటి రిబ్బన్ తెగుతుంది. అప్పుడు హారన్ మోగదు, ఎయిర్‌బ్యాగు లైటు ఆరదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ఆ చిన్న బోల్టుకు ఇవ్వాలి. పెడల్స్ పైన, ఫ్లోర్ మ్యాట్ దగ్గర తల వంచి చూస్తే కాలమ్ కింది చివర ఒక కీలు, దానికి అడ్డంగా బోల్టు కనిపిస్తుంది. విప్పే ముందు కీలు మీదా షాఫ్ట్ మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. మళ్లీ పెట్టేటప్పుడు ఆ గీత కలవాలి, ఒక్క పల్లు జరిగినా చక్రం వంకరగా నిలుస్తుంది. షాఫ్ట్ మీద ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే దూరాలి. షాఫ్ట్ పూర్తిగా లోపలికి కూర్చుంటే బోల్టు వేళ్లతోనే సగం దాకా వెళ్తుంది. పానాతో బలవంతం చేయాల్సి వస్తోందంటే షాఫ్ట్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. తీసేయండి, మళ్లీ కూర్చోబెట్టండి. కొత్త బోల్టు వాడి, మీ కారు మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించాలి. చేతి అంచనాతో బిగించే చోటు ఇది కాదు. టార్క్ రెంచి దొరకకపోతే ఆ రోజుకు పని అక్కడ ఆపడమే మంచిది. కాలమ్ మీద సుత్తితో ఎక్కడా కొట్టవద్దు, కుంచించుకునే భాగాలు లోపలే దెబ్బతింటాయి, బయటికి తెలియదు.

అన్నీ బిగించి బ్యాటరీ కలిపాక మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు చువ్వల మధ్య చెయ్యి పెట్టకండి. టార్క్ సెన్సర్ సున్నా (చక్రం మీద చెయ్యి లేనప్పటి రీడింగ్) సరిగా కుదరకపోతే చక్రం దానంతట అదే ఒక వైపు తిరగవచ్చు, మణికట్టు మెలిపడుతుంది. అలా జరిగితే వెంటనే ఆపేయాలి. జరగకపోయినా స్కానర్‌తో సున్నా సెట్టింగ్ చేయించాలి, మామూలుగా అది టైర్లు సూటిగా ఉంచి, చేతులు తీసేసి చేస్తారు. స్కానర్ ఉన్న మెకానిక్‌ను ఇంటికే పిలిపించుకోండి, కారును ఆ స్థితిలో అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కించవద్దు.

తర్వాత అపార్ట్‌మెంట్ లోపలే నెమ్మదిగా రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. మలుపు తర్వాత చక్రం దానంతట అది మధ్యకు రావాలి. ఎక్కడైనా పట్టేసినా, చప్పుడు వచ్చినా, లైటు వెలిగినా బయటికి వెళ్లకండి. అంతా బాగుంటే తెల్లవారుజామున ఖాళీ వీధిలో 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, స్పీడ్ బ్రేకర్ల మీద కూడా ఎక్కించి, ఇంటికొచ్చి ఆ బోల్టును ఇంకోసారి టార్క్ రెంచితో చూసుకోండి. చక్రం వంకరగా నిలిచినా, కారు ఒక పక్కకు లాగినా వీల్ అలైన్‌మెంట్ చూపించాలి. పాత మోటార్‌ను మాత్రం వెంటనే గుజరీలో అమ్మేయకండి. కొత్తది తేడా చేస్తే పక్కపక్కన పెట్టి నంబర్లు, పిన్నులు పోల్చి చూడటానికి అదే కావాలి.