పసిబిడ్డ కదలికల పాఠాలు – 3: మెడ నిలవడం

పోయిన పాఠంలో చూపు గురించి చదువుకున్నాం. పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముఖమే కాస్త తేటగా కనబడుతుంది. పాలిచ్చే తల్లి ముఖం సరిగ్గా ఆ దూరంలోనే ఉంటుంది. ఈ వారం ఆ చూపును ఆసరా చేసుకుని మెడ దగ్గరికి వద్దాం.

బిడ్డకు ఒంటి మీద పట్టు పైనుంచి కిందికి వస్తుంది. ముందు మెడ, తర్వాత భుజాలు, నడుము, ఆఖరికి కాళ్లు. ఎప్పుడు కూర్చుంటాడో, ఎప్పుడు నడుస్తాడో అని ఆరాటపడే వాళ్లు మొదట చూడాల్సింది మెడనే. అప్పుడే పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. అంత బరువు ఎత్తడం నేర్వాలంటే బిడ్డను కాసేపు బోర్లా వేయాలి. అందుకు గట్టి నేల కావాలి, ఎదురుగా ఒక ముఖం కావాలి.

మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పసివాళ్లకు ఆ నేలే కరువైంది. తొట్టెల్లోంచి ఒళ్లోకి, ఒళ్లోంచి బౌన్సర్‌లోకి, అక్కణ్నుంచి కారు సీటులోకి. రోజంతా వెల్లకిలానే గడిచిపోతుంది. నేల మీద వేద్దామంటే, "ఇంకా మెడ నిలవలేదు, అప్పుడే బోర్లా వేస్తవేంది బిడ్డా?" అని అమ్మమ్మ ఆపుతుంది. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. స్నానం పోసేటప్పుడు కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా వేసి వీపు రుద్దేది ఆవిడే కదా. ఆ కాసేపు బిడ్డ చేసేది ఇదే సాధన అని చెప్పండి, ఒప్పుకుంటుంది. సాంబ్రాణి పొగ మాత్రం మానిపించండి, పసి ఊపిరితిత్తులకు ఏ పొగైనా కీడే.

ఇక సాధన. బిడ్డ మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తుంది. పరుపు మీద ముక్కు కూరుకుపోతుంది కనుక నేల మీద చాప వేసి, పైన పలచని దుప్పటి ముడతల్లేకుండా పరవండి. బిడ్డను బోర్లా వేసి, రెండు మోచేతులూ భుజాల కిందికి వచ్చేలా సర్దండి. బాగా ఇబ్బంది పడుతుంటే చిన్న తువ్వాలు చుట్టి ఛాతీ కింద పెట్టండి, చేతులు దాని ముందుకు రావాలి. మీరు కూడా ఎదురుగా నేల మీద పడుకుని, ముఖం బిడ్డ కళ్ల ఎత్తులో ఉంచి పిలవండి. గిలక్కాయ తర్వాత సంగతి, మొదటి నెలల్లో మీ ముఖాన్ని మించిన బొమ్మ లేదు.

మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. ఏడుపు తీవ్రమైతే ఎత్తుకుని, ఇంకోసారి ప్రయత్నించండి. ఇలా విడతలు విడతలుగా కలిపి రోజుకు కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పక్కన పెద్దవాళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా వద్దు. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. బోర్లా ఉండగా కునుకు పట్టిందంటే వెంటనే తిప్పి పడుకోబెట్టండి. నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు బోర్లా పడుకునే పసివాళ్లకు ఎక్కువ.

ఏం గమనించాలి? కొత్తగా పుట్టిన బిడ్డ కాళ్లు ముడుచుకుని ఉంటుంది, పిరుదులు పైకి లేచి బరువంతా చెంప మీద, ఛాతీ మీద పడుతుంది. అయినా ఊపిరి ఆడేందుకు తల ఒక పక్కకు తిప్పుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ తుంటి సాగి, బరువు పొట్టవైపు జరుగుతుంది, తల తేలికవుతుంది. రెండో నెలకు తల కొద్దిసేపు పైకెత్తుతుంది. నాలుగో నెలకు మోచేతుల మీద ఆనుకుని ఛాతీ లేపుతుంది, ఎత్తుకున్నప్పుడు తల తూలదు. ఆరో నెలకు అరచేతులు ఆన్చి చేతులు నిటారుగా చాపుతుంది.

తల ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతోందా అన్నది చాలామంది పట్టించుకోరు. కిటికీ వెలుగు అటే ఉండొచ్చు, మీరు రోజూ అటువైపే కూర్చుంటుండొచ్చు. ఒక పూట తలాపు ఇటు, ఇంకో పూట అటు మార్చండి. మార్చినా మెడ రెండో వైపుకు తిరగకపోతే మెడ కండరం బిగిసి ఉండొచ్చు. అప్పుడు డాక్టర్‌కు చూపించండి, తొందరగా మొదలుపెడితే వ్యాయామాలతోనే చాలావరకు సర్దుకుంటుంది.

పక్కింటి బిడ్డతో పోల్చకండి. భారత్ సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. ఆ పిల్లల్లో 4 శాతానికి పైగా మోకాళ్ల మీద దోగాడకుండానే నడిచారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ముందు పుట్టినన్ని వారాలు తీసేసి వయసు లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టి ఇప్పుడు నాలుగు నెలలున్న బిడ్డను రెండు నెలల బిడ్డగానే చూడండి.

అయితే నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోయినా, పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉన్నా, ఒక వైపు చేయి కాలు తక్కువగా కదులుతున్నా, ఒళ్లు కట్టెలా బిగుసుకున్నా, గుడ్డలా వేలాడినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. అంతకుముందు చేయగలిగింది ఇప్పుడు చేయలేకపోయినా అంతే, అది ఏ నెలలోనైనా సరే. చిన్న అనుమానమున్నా 6, 10, 14 వారాల టీకాలకు వెళ్లినప్పుడు కూడా అడగండి. సర్కారు వైద్యం కావాలంటే నిలోఫర్ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ (NIEPID)లో ఎదుగుదల లోపాలను చిన్న వయసులోనే గుర్తించి సాయం చేస్తారు.

వచ్చే పాఠం బోర్లా పడడం గురించి. ఈలోగా మీ బిడ్డ తల ఏ వైపు ఎక్కువగా తిప్పుతుందో, ఎంతసేపు ఎత్తి ఉంచుతుందో తేదీ వేసి రాసుకోండి, ఆ పాఠంలో వాటితోనే పని.