గౌతమి బదులు నోటో రావాలని రూల్ రాసినా రావట్లేదా?

సమస్య: విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో టైప్ చేసిన తెలుగు ఫైల్‌ని లైనక్స్‌లో తెరిచారు. గౌతమి మన దగ్గర లేదు కాబట్టి, దాని బదులు నోటో సాన్స్ తెలుగు వాడమని ఫాంట్ల సెట్టింగ్స్ ఫైలైన ఫాంట్స్ డాట్ కాన్ఫ్‌లో ఏలియాస్ (ఒక పేరు బదులు ఇంకోటి వాడమనే రూల్) రాశారు. ఫాంట్ మాత్రం మారలేదు.

ఇక్కడే అందరూ కాష్ చెరిపేయడం, ఫాంట్లు మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి. ముందు టెర్మినల్‌లో ఎఫ్‌సి-మ్యాచ్ (అడిగిన పేరుకి ఏ ఫాంట్ వస్తుందో చూపే కమాండ్) కొట్టి, పక్కన గౌతమి పేరిచ్చి ఏమొస్తుందో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ వదిలేస్తారు.

నోటో వస్తే రూల్ బాగానే ఉంది. అప్లికేషన్‌ని పూర్తిగా మూసి తెరవండి. లిబ్రేఆఫీస్ అయితే ఆప్షన్స్‌లో ఫాంట్ల రీప్లేస్‌మెంట్ టేబుల్ కూడా చూడండి.

డేజావు సాన్స్ లాంటి వేరే ఫాంట్ వస్తే, అదే కమాండ్‌లో పేరు తర్వాత ఖాళీ లేకుండా కోలన్ పెట్టి, లాంగ్ ఈక్వల్స్ టీ-ఈ చేర్చి మళ్ళీ కొట్టండి. ఇప్పుడు నోటో వచ్చిందా? దొంగ దొరికినట్టే.

కారణం: ఏలియాస్‌లో ఇచ్చిన పేరుకి బైండింగ్ (ఆ పేరుకి ఎంత బలమన్నది) మామూలుగా వీక్. లైనక్స్‌లో ఫాంట్‌ని ఎంచే ఫాంట్‌కాన్ఫిగ్ ముందు స్ట్రాంగ్ పేరు చూస్తుంది, తర్వాత భాష, ఆ తర్వాతే వీక్ పేరు. మనలో చాలామంది డెస్క్‌టాప్ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. భాష ఏదో చెప్పకుండా అడిగితే, ఇంగ్లీష్ అక్షరాలున్న ఫాంటే కావాలనుకుంటుంది. నోటో సాన్స్ తెలుగులో ఇంగ్లీష్ అక్షరాలు లేని బిల్డ్ మీ దగ్గరుంటే అది అక్కడే వెనకబడిపోతుంది. పైగా ఇంగ్లీష్ కూడా ఉన్న తెలుగు ఫాంట్ ఇంకోటి సిస్టంలో ఉంటే తెలుగు అక్షరాలకి అదే ముందుకొస్తుంది. ఎప్పుడో హెడ్డింగుల కోసం దించుకున్న లావుపాటి ఫాంట్‌లో మొత్తం ఫైల్ కనిపించేది ఇందుకే. రూల్‌లో అక్షరం తప్పు ఉండదు, ఎర్రర్ రాదు, అందుకే గంటలు తినేస్తుంది.

పరిష్కారం: ఏలియాస్ మొదలయ్యే ట్యాగ్‌లోనే, ఏలియాస్ అన్న మాట తర్వాత, బైండింగ్ ఈక్వల్స్ "సేమ్" అని చేర్చండి. అప్లికేషన్ గౌతమిని స్ట్రాంగ్‌గా అడుగుతుంది కాబట్టి నోటోకీ అదే బలం వస్తుంది. సేవ్ చేసి, ఈసారి భాష చెప్పకుండా ఎఫ్‌సి-మ్యాచ్ కొట్టండి. నోటో రావాలి.

అరుదుగా వచ్చేవి: ట్యాగ్ మూయడం మర్చిపోతే ఎఫ్‌సి-మ్యాచే లైన్ నంబర్‌తో చెబుతుంది. ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టంకి వేరుగా నడిచే ప్యాకేజీ) అప్లికేషన్ అయితే మీ కాన్ఫిగ్ ఫోల్డర్ చదివే పర్మిషన్ ఇవ్వాల్సి రావచ్చు. అను ఫాంట్లలో చేసిన పాత డీటీపీ ఫైలైతే ఏ రూలూ పనిచేయదు. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, ముందు కన్వర్ట్ చేసుకోవాల్సిందే.